పోడియాట్రిస్టు నిజంగా డాక్టరేనా? ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

డాలస్‌లో ఉంటున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మాయి అమెరికాలోనే పుట్టి పెరిగింది. డాక్టరు డిగ్రీ అయిన ఎండీ, దానితో సమానమైన డీఓ కాలేజీలకు అప్లై చేస్తే సీటు రాలేదు. ఇప్పుడు పోడియాట్రీ, అంటే పాదాల వైద్యం నేర్పే కాలేజీలో వచ్చింది. చదువు పూర్తయితే డీపీఎం (డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్) డిగ్రీ ఇస్తారు. బంధువుల్లో ఉన్న డాక్టర్లేమో "అది గోళ్ళు తీసే పని, డాక్టరు చదువు కాదు" అంటున్నారు. అమ్మాయేమో "నేను ఆపరేషన్లు చేస్తాను నాన్నా" అంటోంది. ఎవరి మాట నమ్మాలి, పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా, రేపు ఇండియాకి వస్తే ఈ డిగ్రీ చెల్లుతుందా అని ఆయన అడుగుతున్నారు.

అయ్యా, నేను ఒహాయోలో చాలా ఏళ్ళుగా పోడియాట్రిస్టుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. మీ అమ్మాయి చెప్పింది నిజం. అయితే బంధువుల మాటని కూడా పూర్తిగా కొట్టిపారేయలేం. చాలా రాష్ట్రాల్లో పాదం, చీలమండ వరకు ఆమె అన్ని విధాలా డాక్టరే. పరీక్ష చేస్తుంది, మందులు రాస్తుంది, కత్తి పడుతుంది, తేడా వస్తే కోర్టులో తనే జవాబు చెప్పుకుంటుంది. ఆ పైన లైసెన్సు ఆగిపోతుంది. దంతవైద్యులకు నోటి దగ్గర గీత గీసినట్టే మాకు చీలమండ దగ్గర్లో గీశారు. ఆ గీత ఎక్కడుందో, ఎవరు గీశారో, దానివల్ల రోజువారీ పనిలో ఏం తేడా వస్తుందో మీరు తెలుసుకోవాలి. పెళ్ళిళ్ళలో ఎవరేమనుకుంటారన్నది తర్వాతి సంగతి.

చదువు సంగతి చూద్దాం. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు పోడియాట్రీ కాలేజీ, ఆ తర్వాత మూడేళ్ళు రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ. దేశం మొత్తం మీద ఇలాంటి కాలేజీలు 11 ఉన్నాయి. మీ టెక్సస్‌లోనే హార్లింజెన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ రియో గ్రాండ్ వ్యాలీ వాళ్ళది 2022లో మొదలైంది. మొదటి రెండేళ్ళూ అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ. ఇవి ఎండీ విద్యార్థులు చదివేవే. అయోవాలోని డెస్ మోయిన్స్ యూనివర్సిటీ లాంటి చోట్ల డీఓ విద్యార్థుల పక్కనే కూర్చుని అదే క్లాసు వింటారు. రెసిడెన్సీలో పాదం ఆపరేషన్లు మాత్రమే కాదు, జనరల్ సర్జరీ, వాస్క్యులర్ (రక్తనాళాల వైద్యం), ఇంటర్నల్ మెడిసిన్, ఇన్ఫెక్షన్లు, ఎమర్జెన్సీ, అనస్థీషియా విభాగాల్లో కూడా తిరగాలి. రాత్రి డ్యూటీలో నర్సు ఫోన్ చేస్తే "నేను కాళ్ళ డాక్టర్ని, బీపీ నాకు తెలియదు" అంటే కుదరదు. నియంత్రణలో ఉన్న మందులు రాయడానికి ఫెడరల్ ప్రభుత్వమిచ్చే డీఈఏ నంబరు వస్తుంది, నొప్పి మందులు, యాంటీబయాటిక్‌లు సొంత సంతకంతో రాస్తారు.

కాబట్టి పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చు, పక్కన డీపీఎం అని ఉండాలి. ఎండీ అని మాత్రం ఎక్కడా రాయకూడదు, చెప్పకూడదు.

ఈ పని ఎలా ఉంటుందో ఒక్క కేసు చెబుతాను. అబ్బాయి దగ్గరికి విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. షుగర్ ఇరవై ఏళ్ళ పైగా ఉంది. ఎడమ పాదం ఎర్రగా వాచి, బూరెలా ఉబ్బింది. అర్జెంట్ కేర్‌లో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. మందు మార్చారు, తగ్గలేదు. ఆవిడ నా గదిలోకి నడుచుకుంటూ వచ్చారు. అంత వాపు ఉన్న పాదం మీద బరువు మోపి నడుస్తున్నారంటే నాకు అక్కడే అనుమానం వచ్చింది. పది గ్రాముల మోనోఫిలమెంట్ అని సన్నని నైలాన్ దారం ఉంటుంది, దాన్ని అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కుతాం. ఎక్కడ నొక్కినా ఆవిడకి తెలియలేదు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి ఎముక మీద పెడితే ఆ అదురూ తెలియలేదు. నాడి మాత్రం బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది. జ్వరం లేదు, ఎక్కడా పుండు లేదు. పడుకోబెట్టి కాలు ఎత్తి పట్టుకుంటే కాసేపటికి ఎరుపు తగ్గిపోయింది. ఇన్ఫెక్షన్ అయితే అలా తగ్గదు. ఎక్స్‌రేలో పాదం మధ్య కీళ్ళు జరగడం మొదలైంది. దీన్ని షార్కో పాదం అంటారు. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు లోపలే మెత్తబడి, విరిగి, కూలిపోతుంటాయి, మనిషికి నొప్పి తెలియదు. దీనికి మందుబిళ్ళలతో పని లేదు. వెంటనే మోకాలి కింద దాకా కట్టు వేసి, పాదం మీద బరువు పడకుండా నెలల తరబడి కాపాడాలి. ఇంకొన్ని వారాలు అలాగే నడిచి ఉంటే అరికాలు పడవ అడుగులా కిందికి పొంగేది, అక్కడ పుండు పడేది, ఆ పుండు ఎముకలోకి దిగేది. ఆ తర్వాత జరిగేది మన ఊళ్ళలో ఎన్నో కుటుంబాల్లో ఎవరికో ఒకరికి జరిగిందే, కాలు తీసేయడం.

ఆవిడకి కట్టు వేస్తుండగా వాళ్ళబ్బాయి నెమ్మదిగా అడిగాడు, "ఒకసారి అసలు డాక్టరుకి కూడా చూపించమంటారా?" అని. నాకు కోపం రాలేదు. ఎంఆర్‌ఐ తీయించి, ఇంకో అభిప్రాయం కావాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళొచ్చో పేరు రాసిచ్చాను. కానీ ఆ ప్రశ్న మీ అమ్మాయి కెరీర్ పొడుగునా వింటుంది. మన వాళ్ళ నోటే ఎక్కువ వింటుంది. అమెరికన్ పేషెంట్లకి పోడియాట్రిస్టు అంటే ఎవరో చిన్నప్పటి నుంచి తెలుసు. ఇండియాలో డీపీఎం లాంటి చదువు లేదు కాబట్టి మన పెద్దవాళ్ళకి ఎక్కడా తగల్లేదు, అందుకే నమ్మకం కుదరడానికి టైమ్ పడుతుంది.

ఇక చట్టం మాటేమిటంటే, మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) చట్టంలో ఫిజీషియన్ అంటే ఎవరో చెప్పే జాబితాలోకి 1967 సవరణలతో పోడియాట్రిస్టులు కూడా చేరారు. చట్టం అనుమతించిన పని చేసినంత వరకు మెడికేర్ దృష్టిలో మేం ఫిజీషియన్లమే. మాజీ సైనికుల ఆస్పత్రుల్లో మాత్రం జీతాలు ఎండీలకన్నా తక్కువ స్కేలులో ఉండేవి. 2018లో వచ్చిన చట్టంతో మమ్మల్ని కూడా ఆ స్కేలులోకి తెచ్చారు. పేదవాళ్ళకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌లో ఇంకా పాత పద్ధతే. అక్కడ పోడియాట్రీ సేవలు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. బడ్జెట్ తగ్గినప్పుడల్లా కొన్ని రాష్ట్రాలు ముందు కత్తిరించే వాటిలో మేం ఉంటాం. పేదవాళ్ళ పాదాలే ఎక్కువ పాడవుతాయి, వాళ్ళ దగ్గరే ఈ కోత పడుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

చిన్న విషయమే, కానీ హోదా ఎక్కడ ఆగుతుందో దీనంత బాగా ఏదీ చూపించదు. షుగర్ ఉండి పాదాలు దెబ్బతిన్న వాళ్ళకి మెడికేర్ ప్రత్యేకమైన బూట్లు, లోపల వేసుకునే మెత్తలు ఇస్తుంది. పాదం చూసేది నేను, పుండు మాన్పింది నేను, ఏ బూటు కావాలో రాసేది నేను. కానీ ఈ పేషెంటుకి ఇవి అవసరం అని ధ్రువీకరించే సంతకం షుగర్‌కి వైద్యం చేస్తున్న ఎండీ లేదా డీఓది అయ్యుండాలి. నా సంతకం చెల్లదు. ఫారం ఫ్యాక్స్ చేస్తాం, ఆ క్లినిక్‌లో ఎక్కడో ఉండిపోతుంది, మళ్ళీ ఫోన్, మళ్ళీ ఫ్యాక్స్. ఈలోగా పేషెంటు పాత చెప్పులతోనే తిరుగుతుంటాడు. మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపే మళ్ళీ వస్తాయని 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసంలో లెక్క ఇచ్చారు. ఆ వ్యాసం రాసిన ముగ్గురిలో మొదటి పేరు డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. ఆయన పోడియాట్రిస్టే. షుగర్ పాదం విషయంలో ప్రపంచం మొత్తం ఆయన మాట వింటుంది. పరిశోధనలో అంత గౌరవం ఉన్న వృత్తికి బూట్ల ఫారం మీద సంతకం పెట్టే అధికారం లేదు. ఈ రెండూ ఒకే దేశంలో ఒకే కాలంలో నిజం.

మీరు టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి చీలమండ గొడవ తప్పకుండా తెలుసుకోవాలి. మేం ఎంతవరకు ఆపరేషన్ చేయొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్ చట్టంలో పాదం అని మాత్రమే ఉంది. చీలమండ కూడా పాదంలో భాగమేనని అక్కడి పోడియాట్రీ బోర్డు ఒక నిబంధన చేసింది. ఆర్థోపెడిక్ డాక్టర్ల సంఘం, రాష్ట్ర వైద్యుల సంఘం కోర్టుకెళ్ళాయి. 2008లో ఆస్టిన్ అప్పీలు కోర్టు ఆ నిబంధన చెల్లదని తేల్చింది. న్యూయార్క్‌లో దీనికి ఎదురు జరిగింది. అక్కడ తగిన శిక్షణ, సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళు చీలమండ ఆపరేషన్లు చేసేందుకు 2014 నుంచి దారి తెరిచారు. ఒకే రెసిడెన్సీలో పక్కపక్కన నేర్చుకున్న ఇద్దరు, రెండు రాష్ట్రాల్లో స్థిరపడితే, రెండు రకాల పని చేస్తారు. ఆ పైన ప్రతి ఆస్పత్రికీ సొంత కమిటీ ఉంటుంది. రాష్ట్రం ఒప్పుకున్నా ఆస్పత్రి ఒప్పుకోవాలి, దానికి ఏబీఎఫ్ఏఎస్ (పాదం, చీలమండ సర్జరీలో నైపుణ్యాన్ని ధ్రువీకరించే బోర్డు) సర్టిఫికెట్ అడుగుతారు. మీ అమ్మాయికి ఆపరేషన్ల మీదే మనసుంటే ఈ బోర్డు పేరు ఇప్పుడే గుర్తుపెట్టుకోమనండి.

ఆర్థోపెడిక్ సర్జన్లతో పోటీ గురించి మీ బంధువులు చెప్పే ఉంటారు. బయట సంఘాల స్థాయిలో కొట్లాట నిజమే. కానీ ఇవాళ చాలా ఆర్థోపెడిక్ గ్రూపులే పోడియాట్రిస్టులను ఉద్యోగంలో పెట్టుకుంటున్నాయి. ఒక ఎండీ సర్జన్ మెడికల్ స్కూలు తర్వాత అయిదేళ్ళు ఆర్థోపెడిక్స్ చేసి, పైన పాదం మీద ఇంకో ఏడాది ఫెలోషిప్ చేస్తాడు. ఆయనకి మోకాలు, తుంటి, వెన్ను కూడా తెలుసు. మా వాళ్ళు వేరే విభాగాల్లో తిరిగినా రెసిడెన్సీ మొదటి నుంచీ ముఖ్యంగా పాదం మీదే ఉంటారు. ఎవరు మేలు అన్నది డిగ్రీ చూసి చెప్పలేం. నా ఇంట్లో వాళ్ళకి ఆపరేషన్ కావాలంటే, ఆ ఆపరేషన్ వాళ్ళు ఎన్ని చేశారో అడుగుతాను, అదొక్కటే అడుగుతాను.

మరి జనంలో గోళ్ళు తీసేవాళ్ళన్న పేరు ఎందుకు పోలేదు? చరిత్ర కొంత కారణం. పంతొమ్మిదో శతాబ్దంలో ఊరూరా తిరిగి ఆనెలు కోసేవాళ్ళ నుంచి ఈ వృత్తి పుట్టింది. అబ్రహం లింకన్ పాదాలకు వైద్యం చేసిన ఐజకర్ జకరీ అలాంటివాడే. లింకన్ 1862లో ఆయనకి మెచ్చుకోలు పత్రం రాసిచ్చాడు, తర్వాత నమ్మకస్తుడిగా న్యూ ఆర్లియన్స్ కూడా పంపాడు. అప్పటి పెద్ద డాక్టర్లు పాదాల జోలికి రాలేదు. అందుకే పళ్ళ వైద్యంలాగే ఇదీ వేరే కాలేజీలు, వేరే లైసెన్సులతో పెరిగింది. న్యూయార్క్‌లో మొదటి కాలేజీ 1911లో పెట్టారు.

రెండో కారణం శిక్షణలో ఒకప్పుడున్న తేడా. దేశమంతా మూడేళ్ళ రెసిడెన్సీ అన్న పద్ధతి 2011లోనే ఖాయమైంది. అంతకుముందు ఒకరు మూడేళ్ళు, ఒకరు ఏడాది చేసి బయటికి వచ్చేవారు. ఆ పాత తరం ఇంకా ప్రాక్టీసులో ఉంది. మీ బంధువు ఒక పెద్ద వయసు పోడియాట్రిస్టుని చూసి అభిప్రాయం ఏర్పరచుకున్నారనుకోండి, ఆ మనిషి వరకు అది సరే కావచ్చు, ఇప్పుడు బయటికి వచ్చే పిల్లలకి అది వర్తించదు. మూడోది, చెప్పడానికి ఇష్టం లేకపోయినా చెప్పాలి. ఎండీ సీటు రాని ఎంక్యాట్ (మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరుతో ఇక్కడ సీటు వస్తుంది. ఈ విషయం డాక్టర్లందరికీ తెలుసు. వాళ్ళ చిన్నచూపులో సగం దానివల్లే. సీటు రావడం సులువైనా బయటపడటం సులువు కాదు. మొదటి రెండేళ్ళలో తప్పి ఆగిపోయేవాళ్ళు ఉంటారు, బోర్డు పరీక్ష మూడు భాగాలూ దాటాలి. చేరబోయే కాలేజీలో ఎంతమంది సకాలంలో పూర్తిచేస్తున్నారో, బోర్డు పరీక్ష ఎంతమంది పాసవుతున్నారో చూసుకోండి. ఈ లెక్కలు కాలేజీలే బయటపెడతాయి.

గోళ్ళ పని గురించి మాత్రం నేను ఎవరికీ క్షమాపణ చెప్పను. మామూలు మనిషి గోళ్ళు తీయడానికి మెడికేర్ డబ్బివ్వదు, చట్టంలోనే వద్దని ఉంది. షుగర్ వల్ల స్పర్శ పోయినా, రక్తప్రసరణ తగ్గినా అప్పుడే ఇస్తుంది. ఎందుకంటే ఆ పాదంలో గోరు పక్కన చిన్న గాటు పడితే అది మానదు. ఇంట్లో కోడలో కొడుకో ప్రేమగా గోళ్ళు తీస్తుంటే తెగిన గాటు నుంచి వేలు నల్లబడి వచ్చినవాళ్ళను చూశాను. షుగర్ ఉన్నవాళ్ళలో 19 నుంచి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడుతుందని ఆర్మ్‌స్ట్రాంగ్ వ్యాసంలోనే ఉంది. మన తెలుగు ఇళ్ళలో షుగర్ లేని ఇల్లు ఎక్కడుంది? ఇంట్లో చెప్పులు వేసుకోం, గుళ్ళో ఎండకి కాలిన బండల మీద ప్రదక్షిణలు చేస్తాం, అరికాలు బొబ్బలెక్కినా తెలియని పెద్దవాళ్ళు ఎంతోమంది. అమెరికాలో తెలుగు మాట్లాడే పోడియాట్రిస్టు దొరికితే ఆ పెద్దవాళ్ళు మేజోళ్ళు విప్పి చూపిస్తారు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ ముందు సిగ్గుపడి "ఏం లేదండీ, బాగానే ఉంది" అనేస్తారు.

దేశం మారితే హోదా మారుతుంది. బ్రిటన్‌లో పోడియాట్రిస్టు అంటే బ్యాచిలర్ డిగ్రీ చేసి, ఆరోగ్య వృత్తులను నియంత్రించే హెచ్‌సీపీసీ అనే సంస్థ దగ్గర రిజిస్టర్ అయిన నిపుణుడు. ఫిజియోథెరపిస్టులు కూడా ఆ సంస్థ కిందే ఉంటారు. అదనపు శిక్షణ ఉన్నవాళ్ళకి సొంతంగా మందులు రాసే హక్కు 2013లో వచ్చింది. ఆస్ట్రేలియాలో ఇంకా గొడవ నడుస్తోంది. అక్కడ ఎండీలు కాని పోడియాట్రిక్ సర్జన్ల పనిపై ఫిర్యాదులు వచ్చాక సమీక్ష జరిపారు. జనం పొరబడకుండా ఆ బిరుదు మార్చాలని 2024లో నివేదిక సూచించింది. కాబట్టి లండన్‌లోనో సిడ్నీలోనో ఉన్న బంధువు "ఇక్కడ వాళ్ళు డాక్టర్లు కారు" అంటే ఆయన తన దేశం సంగతి చెబుతున్నట్టు, అమెరికాది కాదు.

ఇండియా విషయం సూటిగా చెబుతాను. డీపీఎంని అక్కడ ఎంబీబీఎస్‌తో సమానంగా తీసుకోరు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో షుగర్ పాదాలు చూసే నిపుణులు ఎంబీబీఎస్ చేసి, ఎంఎస్ చేసి, ఆపైన ఈ పని నేర్చుకున్న సర్జన్లు. డీపీఎం పట్టుకుని అక్కడికి వెళ్ళి క్లినిక్ తెరిచి ఆపరేషన్లు చేయడం కుదరదు. ఇండియాకి తిరిగి వచ్చే ఆలోచన గట్టిగా ఉంటే ఈ చదువు వద్దు. అలాగే ఇండియాలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ రెసిడెన్సీ దొరకని వాళ్ళు "పోడియాట్రీ రెసిడెన్సీకి మారొచ్చా" అని నన్ను అడుగుతుంటారు. మారలేరు, ఇక్కడి పోడియాట్రీ కాలేజీలో డీపీఎం చేసి తీరాలి.

డబ్బు సంగతి. మొదటి ఉద్యోగం సొంత క్లినిక్ నడుపుకునే డాక్టరు దగ్గర దొరికితే చేతికొచ్చే బేసిక్ చూసి చాలామంది నీరుగారిపోతారు, మిగతాది వసూళ్ళలో శాతం అంటారు. ఆస్పత్రులు, ఆర్థోపెడిక్ గ్రూపులు, మాజీ సైనికుల ఆస్పత్రులు బాగా ఇస్తాయి. రెసిడెన్సీలో ఆపరేషన్లు ఎక్కువ చేసినవాళ్ళకే అవి దొరుకుతాయి. ఆర్థోపెడిక్ సర్జన్ ఆదాయంతో పోల్చుకోవద్దు. ఎక్కడ చేరారన్నదాన్ని బట్టి మొదలై, మనిషిని బట్టి పెరుగుతుంది. అప్పు విషయంలో ఒక కొత్త మార్పు ఉంది. 2026 జూలై నుంచి కొత్తగా చేరేవాళ్ళకి చదువు ఖర్చు మొత్తానికి అప్పిచ్చే ఫెడరల్ గ్రాడ్ ప్లస్ లోన్ ఉండదు. ప్రొఫెషనల్ డిగ్రీలకి ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్ల పరిమితి పెట్టారు. పోడియాట్రీ ఆ ప్రొఫెషనల్ జాబితాలోనే ఉంది. ఖర్చు అంతకు మించితే మిగతాది మీరు చూసుకోవాలి. మీ అమ్మాయి సిటిజన్ కాబట్టి ఆ లోన్ అయినా వస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి అదీ రాదు, ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రులు గమనించాలి.

రెసిడెన్సీ దొరుకుతుందా అన్న టెన్షన్ పదేళ్ళ కిందట న్యాయమైనదే. 2013, 2014 ప్రాంతాల్లో సీట్లు చాలక, చదువు పూర్తిచేసిన పిల్లలు బయట మిగిలిపోయారు. రెసిడెన్సీ లేకపోతే చాలా రాష్ట్రాల్లో లైసెన్సే రాదు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. కాలేజీల్లో చేరేవాళ్ళు తగ్గారు, సీట్లు మిగులుతున్నాయి. దొరకడం కష్టం కాదు, మంచిది దొరకడమే కష్టం.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. అడ్మిషన్‌కి డిపాజిట్ కట్టేలోపు మీ అమ్మాయిని ఇద్దరు పోడియాట్రిస్టుల దగ్గరికి పంపండి. ఒకరు ఆస్పత్రిలో ఆపరేషన్లు చేసేవాళ్ళు, ఇంకొకరు చిన్న క్లినిక్‌లో రోజంతా షుగర్ పేషెంట్ల పాదాలు చూసేవాళ్ళు. రెండోచోట ఎక్కువసేపు ఉండమనండి. అక్కడ కట్టు విప్పినప్పుడు వచ్చే వాసన, పుండు అంచున చచ్చిన చర్మం తీయడం, లోపల ఎముక తగులుతుందేమోనని మొద్దు కొన ఉన్న సన్నని కడ్డీతో తడిమి చూడటం, అదే పేషెంటు నెల తర్వాత మళ్ళీ రావడం, అన్నీ చూడనివ్వండి. ఇంటికొచ్చి ఆ పేషెంట్ల గురించి మాట్లాడితే చేర్పించండి. ఎండీ సీటు గురించే మాట్లాడితే, ఇంకో ఏడాది ఆగి ఎంక్యాట్ మళ్ళీ రాయనివ్వండి, లేదా డీఓకి ఇంకొన్నిచోట్ల అప్లై చేయనివ్వండి. ఎండీ రాలేదన్న బాధతో ఇందులో చేరినవాళ్ళు పేషెంటు ముందు కూడా దాన్ని దాచుకోలేరు. వాళ్ళతో కలిసి పనిచేశాను కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను.

మీ ఇంటికి దగ్గరలో ఎవరి దగ్గరికి పంపాలో తెలియకపోతే రాష్ట్ర పోడియాట్రీ సంఘానికి ఫోన్ చేయండి. విద్యార్థులను క్లినిక్‌కి రానిచ్చే డాక్టర్ల పేర్లు వాళ్ళ దగ్గర ఉంటాయి.